ప్రయోగశాలలో పని ఎవరిది? పేరు ఎవరిది?

సైన్సు మాట ఎత్తగానే మనోళ్ళలో చాలామంది ‘అది సదువుకున్నోళ్ళ యవ్వారం, మనకెందుకులే’ అని పక్కకు జరుగుతారు. భూమి, కూలి, పింఛను, దాడులు, రిజర్వేషన్లు వదిలిపెట్టి ప్రయోగశాలల గోల ఎందుకని కార్యకర్తలు కూడా అడగొచ్చు. అయినా ఈ సంచికలో మేం ప్రయోగశాల గురించే రాస్తున్నాం. ఎందుకంటే ప్రయోగశాల గుడి కాదు, పని జరిగే చోటు. పొలం ఎట్లాంటిదో, బట్టీ ఎట్లాంటిదో అదీ అట్లాంటిదే. పని జరిగే ప్రతిచోటా మనం అడగాల్సినవి మూడే ప్రశ్నలు. చేతులెవరివి? కూలి ఎంత? పేరెవరిది?

ఈ మూడు ప్రశ్నల్ని ఒక్క రకం ప్రయోగశాలను పట్టుకుని అడుగుదాం. కణం పొరలో ఉండే మాంసకృత్తుల మీద పరిశోధన చేసే ప్రయోగశాల అది. పేరు పెద్దగా ఉందని బెదిరిపోనక్కర్లేదు. విషయం మన ఒంట్లోదే, మన ఇంట్లోదే.

పొర అంటే ఏంది?

మన ఒళ్ళంతా కణాలతో కట్టింది. ఒక్కో కణం కంటికి కనపడనంత చిన్నది. దాని చుట్టూ కొవ్వుతో అయిన పల్చని పొర, రెండు వరసలుగా పేర్చిన గోడలాగా ఉంటుంది. ఉప్పు గానీ, చక్కెర గానీ ఆ కొవ్వుగోడను తమంతట తాము దాటలేవు. నీళ్ళు కూడా కావలసినంత వేగంగా దాటలేవు. మరి కణం బతికేదెట్లా? గోడలో అక్కడక్కడ తలుపులున్నాయి, తూములున్నాయి. ఏది ఎప్పుడు లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో అవి చూసుకుంటాయి. అవే పొర మాంసకృత్తులు. చెరువుకు కట్ట ఒక్కటే ఉండి తూము లేకపోతే ఏం లాభం? తూము ఎత్తి దించే నీరటికాడు లేకపోతే ఆయకట్టు ఎండనన్నా ఎండుతుంది, మునగనన్నా మునుగుతుంది. కణం సంగతీ అంతే.

ఇది పుస్తకాల ముచ్చట కాదు. త్రాచు కరిచిన మనిషికి కళ్ళు మూతలు పడతాయి, నాలుక మొద్దుబారుతుంది, చివరికి ఊపిరి ఆగుతుంది. ఎందుకు? నరం చెప్పే మాట కండకు వినపడాలంటే కండ కణం పొర మీద ఒక మాంసకృత్తి ఉండాలి. త్రాచు విషం పోయి సరిగ్గా దాని మీద కూచుంటుంది. ఇక నరం ఎంత మొత్తుకున్నా కండకు వినపడదు. ఊపిరి ఆడించేదీ కండే గదా! అందుకే పాము కాటుకు మంత్రం కాదు, ఆస్పత్రి కావాలని మేం ప్రతి ఊళ్ళోనూ చెప్తున్నాం.

ఇంకోటి. విరేచనాలు పట్టుకున్న పసిబిడ్డకు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగిస్తాం. ఉత్త నీళ్ళు ఎందుకు చాలవు? పేగు కణాల పొరలో ఒక తలుపుంది. ఉప్పునూ చక్కెరనూ జతగా పట్టుకుంటేనే అది తెరుచుకుంటుంది. వాటి వెంట నీళ్ళు పోతాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధంలో పారిపోయి వచ్చిన శరణార్థులకు కలరా తగిలినప్పుడు, పశ్చిమ బెంగాల్ సరిహద్దున బన్‌గావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఈ నీళ్ళతోనే ఎన్నో ప్రాణాలు నిలబెట్టాడు. సెలైన్ సీసాలు అయిపోయిన చోట ఉప్పూ చక్కెరా పనికొచ్చాయి. పని చేసింది ఆ పేగు తలుపే.

రక్తపోటుకు వేసుకునే బిళ్ళ, ఆయాసానికి పీల్చే మందు, కడుపులో మంటకు మింగే గొట్టం – ఇవన్నీ ఏదో ఒక పొర మాంసకృత్తి మీద పనిచేసేవే. ఇవాళ వాడే మందుల్లో సగానికి పైగా అట్లాంటివే. అంటే ఈ తలుపుల రూపం తెలిసినవాడి చేతిలో మందు ఉంటుంది. మందు ఉన్నవాడి చేతిలో ధర ఉంటుంది. మనకు సంబంధం లేదంటే ఎట్లా?

పని మొదలయ్యేది కబేళాలో

ఇప్పుడు చేతుల సంగతికి వద్దాం.

పొర మాంసకృత్తిని చదవాలంటే ముందు అది చేతికి రావాలి. ఒక్కో కణంలో అది ఉండేది కొంచెం. అందుకని ఏ అవయవంలో అది ఎక్కువ ఉంటుందో ఆ అవయవం కావాలి. కొద్దిగా కాదు, బుట్టల కొద్దీ కావాలి. ఎక్కడ దొరుకుతుంది? కబేళాలో. ‘మాంసకృత్తి’ అని బడి పుస్తకంలో రాసిన పంతులు ఆ మాటలో మాంసం ఉందన్న సంగతి మరిచిపోయినట్టున్నాడు, మనం మరవొద్దు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జాన్ వాకర్ బృందం, కణానికి శక్తినిచ్చే యంత్రంలాంటి మాంసకృత్తి ముఖ్యభాగం రూపాన్ని 1994లో బయటపెట్టింది. 1997లో వాకర్‌కు నోబెల్ వచ్చింది. ఆ మాంసకృత్తి ఎక్కడిది? పశువు గుండెకాయది. వెలుగును పట్టే రొడాప్సిన్ అనే మాంసకృత్తి కంట్లో ఉంటుంది. మన మందుల్లో పెద్ద వాటా ఏ కుటుంబం మాంసకృత్తుల మీద పనిచేస్తుందో ఆ కుటుంబంలో మొట్టమొదట పూర్తి రూపం తెలిసింది దీనిదే, 2000 సంవత్సరంలో. అది పశువు కంటినుంచి తీసింది.

అంతదూరం ఎందుకు, మన హైదరాబాదునే చూద్దాం. హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ అనే కేంద్ర పరిశోధనా సంస్థ ఉంది. అక్కడ అమితాబ ఛటోపాధ్యాయ బృందం ఏళ్ళ తరబడి సెరటోనిన్ గ్రాహకం అనే పొర మాంసకృత్తి మీద పనిచేసింది. మనసు దిగులు, ఆందోళన వంటి వాటితో దానికి సంబంధం ఉంది. పొరలోని కొవ్వు, ముఖ్యంగా కొలెస్టరాల్, ఆ మాంసకృత్తి పనిని ఎట్లా మారుస్తుందో ఆ బృందం చూపించింది. గొప్ప పని. ఆ పని దేనితో జరిగింది? పశువు మెదడుతో. స్థానిక కబేళా నుంచి, పశువు చచ్చిన పది నిమిషాల లోపల తాజా మెదడు తెచ్చుకున్నామని వాళ్ళే తమ పరిశోధనా పత్రాల్లో పద్ధతుల భాగంలో రాశారు. నిజం దాచకుండా రాశారు, మంచిదే.

పది నిమిషాలు! ఆ పది నిమిషాలు ఎవరివి? పుర్రె పగలగొట్టి, లోపల మెదడు చితక్కుండా, చెడకుండా చేతుల్లోకి తీసిన మనిషి ఎవరు? ఆ చెయ్యి వణికితే, ఆ కత్తి పక్కకు పోతే, ఆ మనిషి ఇరవై నిమిషాలు ఆలస్యం చేస్తే పైన జరిగే ప్రయోగమంతా పాడవుతుంది. మరి అది నైపుణ్యం కాదా? మన దేశంలో కబేళాల్లో ఈ పని చేసేది ఎక్కువగా ముస్లిం కసాయి కులాలవాళ్ళు, దళితులు. వాళ్ళ పని పత్రంలో ‘స్థానిక కబేళా’ అన్న రెండు మాటలుగా మిగిలింది. చోటుకు పేరుంది, మనిషికి లేదు.

ఇంకో మాట కూడా అనాలి. అదే పశువు మెదడు మంచులో పెట్టి ప్రయోగశాల మెట్లెక్కితే అది ‘నమూనా’. అదే పశువు కూర మన గిన్నెలో ఉడికితే అది ‘నేరం’. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మన పిల్లలు పెద్దకూర పండుగ చేసుకుంటే దాడులు జరిగాయి. పశువు ఒకటే, మాంసం ఒకటే. దాన్ని ఎవరు ముట్టుకున్నారన్న దాన్నిబట్టి మైలా, శాస్త్రమూ మారిపోతున్నాయి. ఇది సైన్సు చెప్పిన తేడా కాదు. కులం చెప్పిన తేడా.

లోపలి చేతులు

ఇప్పుడు చాలాచోట్ల కబేళాకు పోకుండానే పని జరుగుతోంది. కావలసిన జన్యువును బ్యాక్టీరియాలోకో, ఈస్టులోకో, పురుగు కణాల్లోకో ఎక్కించి అక్కడే మాంసకృత్తిని పండిస్తున్నారు. ఎట్లా తెచ్చుకున్నా తర్వాతి పని మాత్రం చేతిపనే. దాన్ని విడమర్చి చెప్తాం, వినండి.

ముందు నూరాలి, లేదా కణాల్ని పగలగొట్టాలి. అదంతా మంచు మీదే. తర్వాత నిమిషానికి వేల చుట్లు తిరిగే యంత్రంలో వేసి తిప్పితే పొరలు అడుక్కు చేరతాయి. ఆ పొరలోంచి మాంసకృత్తిని ఊడదీయాలంటే సబ్బులాంటి మందు కావాలి. సబ్బు కొవ్వును విడదీస్తుంది గదా, అదే సూత్రం. ఘాటైన సబ్బు వేస్తే మాంసకృత్తి రూపం చెడుతుంది, మెత్తనిది వేస్తే ఊడిరాదు. ఏ బట్టకు ఎంత సౌడు వెయ్యాలో మన చాకలి అమ్మకు తెలిసినట్టు, ఏ మాంసకృత్తికి ఏ సబ్బు ఎంత వెయ్యాలో ఇక్కడ చేసిచేసి తెలుసుకోవాల్సిందే. చలిగదిలో, నాలుగు డిగ్రీల చలిలో, స్వెట్టర్ వేసుకుని గంటలకొద్దీ నిలబడి ఆ మాంసకృత్తిని శుద్ధి చేయాలి. ఆ తర్వాత స్ఫటికం కట్టించాలి, లేదా మంచులో గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి బొమ్మలు తీయాలి. ఏళ్ళు పడుతుంది. కొన్నిసార్లు ఎన్నేళ్ళు చేసినా రాదు.

ఈ పనంతా చేసేది ఎవరు? పెద్ద ప్రొఫెసర్ కాదు. ఆయన డబ్బులు తెస్తాడు, దారి చూపిస్తాడు, పత్రం దిద్దుతాడు. అదీ పనే, కాదనం. చలిగదిలో నిలబడేది మాత్రం పరిశోధక విద్యార్థులు, డాక్టరేట్ అయ్యాక కొన్నేళ్ళ ఒప్పందం మీద ఉండేవాళ్ళు, టెక్నీషియన్లు. రాత్రి పదకొండింటికి ప్రయోగశాల దీపాలు వెలుగుతున్నాయంటే లోపల ఉన్నది వాళ్ళే.

వాళ్ళకంటే కింద ఇంకా చేతులున్నాయి. గాజు సామాను కడిగేవాళ్ళు. ఆవిరి పెట్టెలో పెట్టి క్రిములు లేకుండా చేసేవాళ్ళు. ఎలుకల్ని, కుందేళ్ళను సాకే జంతుశాల పనివాళ్ళు. చెత్త, రసాయనాలు, పాచి ఎత్తేవాళ్ళు. ‘కడగడమూ ఒక పనేనా’ అంటారేమో! పొర మీద జరిగే ప్రయోగంలో గాజు గొట్టానికి చిటికెడు సబ్బు అంటుకుని మిగిలిందనుకోండి, ఆ సబ్బే పొరను కరిగించేస్తుంది. నెల రోజుల పని ఒక్క పూటలో పోతుంది. అంటే గొట్టాన్ని శుభ్రంగా కడిగిన మనిషి ప్రయోగం బయట లేడు, ప్రయోగం లోపలే ఉన్నాడు. అయినా మన సంస్థల్లో ఇట్లాంటి పనులకు మనుషుల్ని ఎక్కువగా కాంట్రాక్టర్ల ద్వారా తెస్తున్నారు. కాంట్రాక్టరు మారితే మనిషి మారతాడు, లేదంటే అదే మనిషి మళ్ళీ మొదటినుంచి లెక్కలోకి వస్తాడు. పదేళ్ళు కడిగినా కొత్తోడే!

పేరు ఎట్లా పంచుకుంటారు?

పేరు సంగతికి ఒక నిజమైన కథ చెప్తాం. అమెరికాలో బాల్టిమోర్ అనే ఊళ్ళో జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల ఉంది. అక్కడ పీటర్ ఆగ్రే అనే రక్తం డాక్టరు, రక్తం గ్రూపుల్లో ఆర్‌హెచ్ అని అంటామే, దానికి సంబంధించిన మాంసకృత్తిని వెతుకుతున్నాడు. వెతుకుతుంటే దాంతోపాటు ఇంకోటేదో కలిసి వచ్చింది. మామూలుగా వాడే రంగు దానికి సరిగా అంటదు, అందుకే అంతకుముందు ఎవరి కంటా పడలేదు. 1988లో డెంకర్, బార్బరా స్మిత్, కుహజ్డా, ఆగ్రే – నలుగురి పేర్లతో ఆ సంగతి అచ్చయింది. అది చేసే పనేంటో మాత్రం తెలియలేదు. ‘నీళ్ళు పోయే తూము ఇదేనేమో చూడు’ అని జాన్ పార్కర్ అనే ఇంకో రక్తం డాక్టరు ఆగ్రేకు సలహా ఇచ్చాడు.

అప్పుడు గ్రెగరీ ప్రెస్టన్ అనే యువ పరిశోధకుడు దాని జన్యువును పట్టుకున్నాడు. ఆ జన్యువు మాటను కప్ప గుడ్లలోకి ఎక్కించారు. కొన్ని గుడ్లను ఏమీ ఎక్కించకుండా ఉంచారు. రెంటినీ పల్చటి నీళ్ళలో వేశారు. ఎక్కించని గుడ్లు ఎట్లున్నవి అట్లే ఉన్నాయి. ఎక్కించినవి నిమిషాల్లో ఉబ్బి టప్పున పగిలాయి! నీటి తూము దొరికింది. 1992లో అది అచ్చయింది. మొదటి పేరు ప్రెస్టన్‌ది. ఆ తూములోంచి సెకనుకు వంద కోట్ల దాకా నీటి అణువులు పోతాయని తేలింది. మన మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్లు వడగట్టి, లీటరో లీటరున్నరో మాత్రమే బయటికి పంపుతున్నాయంటే ఈ తూముల వల్ల కూడా. 2003లో ఆగ్రేకు నోబెల్ వచ్చింది. ఆ ఏడు రసాయనశాస్త్రం బహుమతిలో సగం ఆయనది, మిగతా సగం రాడెరిక్ మెకినన్‌ది. ఆగ్రే నోబెల్ ప్రసంగంలో తనతో పనిచేసినవాళ్ళ పేర్లు చెప్పాడు. మంచి పద్ధతి. అయినా పతకం మీద పేరు ఒక్కటే పడుతుంది. రుమేనియా దేశంలో క్లుజ్ అనే ఊళ్ళో గియోర్గె బెంగా అనే శాస్త్రవేత్త 1986లోనే ఎర్ర రక్తకణంలో నీటి దారి మీద పని అచ్చేశాడు. ఆయన్ని పక్కన పెట్టారని ఆ దేశంలోనూ బయటా చాలామంది అన్నారు. చిన్న దేశం, చిన్న ఊరు. వినపడటానికి గొంతు చాలలేదు.

ఇదే బాల్టిమోర్ ఆస్పత్రిలో అంతకుముందు ఇంకో కథ జరిగింది. పొర మాంసకృత్తులది కాదు గానీ, మనం తప్పకుండా తెలుసుకోవాల్సింది. వివియన్ థామస్ అనే నల్లజాతి మనిషి డాక్టర్ బ్లాలాక్ ప్రయోగశాలలో పనిచేశాడు. పుట్టుకతోనే గుండె చెడి నీలంగా మారిన పసిపిల్లలకు చేసే ఆపరేషన్ పద్ధతిని కుక్కల మీద చేసి చూసి, చేతి నైపుణ్యం సాధించినవాడు ఆయనే. 1944లో మొదటి ఆపరేషన్ చేస్తుంటే బ్లాలాక్ వెనక నిలబడి ఎట్లా కుట్టాలో చెప్పినవాడూ ఆయనే. అంతకుముందు వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల పని చేస్తున్నప్పుడు మాత్రం జీతం పుస్తకంలో ఆయన్ని ఊడ్చేవాడిగా రాసుకున్నారు! జాన్స్ హాప్కిన్స్ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది 1976లో, ముప్పై ఏళ్ళు దాటాక. చెయ్యి శాస్త్రవేత్తది, హోదా ఊడ్చేవాడిది. ఈ కథ చదివితే మనోళ్ళకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

మన దగ్గర తలుపు ఎట్లా మూసుకుంటుంది?

అమెరికాలో రంగు చేసిన పని ఇక్కడ కులం చేస్తోంది. ఊరికే అంటున్నామా? లెక్కలు చూడండి. 2023 జనవరిలో నేచర్ అనే ప్రపంచ ప్రసిద్ధ సైన్సు పత్రిక మన దేశం పెద్ద సంస్థల లెక్కలు బయటపెట్టింది. చదువు మెట్లు ఎక్కేకొద్దీ, ఉద్యోగం మెట్లు ఎక్కేకొద్దీ దళితులు, ఆదివాసులు తగ్గిపోతున్నారని చూపించింది. కింద గచ్చు తుడిచే దగ్గర మనం ఉన్నాం. పైన సంతకం పెట్టే దగ్గర లేం.

దీనికి ‘ప్రతిభ లేదు’ అన్నది వాళ్ళ పాత పాట. మరి చట్టాలు ఏం చేశాయో చూద్దాం. పరిశోధన చేసే, పరిశోధనను నడిపించే పై మెట్టు శాస్త్రీయ ఉద్యోగాల్ని రిజర్వేషన్ నుంచి తప్పించడానికి కేంద్ర ప్రభుత్వం 1975లోనే ఉత్తర్వు ఇచ్చింది. 2019లో కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక ఉద్యోగాల్లో రిజర్వేషన్ చట్టం తెచ్చారు. మంచిదే అనుకుంటే, దాని నాలుగో సెక్షన్‌లో ‘శ్రేష్ఠ సంస్థలు’, పరిశోధనా సంస్థలు కొన్నిటిని జాబితా రాసి మరీ బయట పెట్టారు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ ఆ జాబితాలో ఉంది. అంటే ఎక్కడ కొత్త జ్ఞానం పుడుతుందో అక్కడే మన వాటాకు తాళం వేశారు. శ్రేష్ఠం అన్న మాటకు అర్థం ‘మనోళ్ళు లేని చోటు’ అనా? జవాబు చెప్పాలి.

తాళం దాటి లోపలికి పోయిన మన పిల్లల సంగతి ఇంకోటి. పరిశోధక విద్యార్థి బతుకు గైడ్ చేతిలో ఉంటుంది. సంతకం ఆయనది, సిఫారసు ఆయనది, యంత్రం మీద ఎవరికి ఎన్ని గంటలో చెప్పేదీ ఆయనే. ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు అన్నారు. కాగితం మీద బాగుంది. నెలనెలా చేతికి వస్తేనే గదా! వెనక ఆస్తి ఉన్న పిల్లవాడు ఆరునెలలు ఆగుతాడు. కూలికి పోయే తల్లి కొడుకు ఆగగలడా? ఇంటికి పంపాల్సింది కూడా అందులోంచే. 2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయే ముందు రాసిన ఉత్తరంలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ డబ్బు ప్రస్తావన ఉంది. చావు ముందు కూడా బాకీ లెక్క రాయాల్సి వచ్చిందంటే ఆ పిల్లల మీద ఎంత బరువుందో అర్థం చేసుకోవాలి. ఏళ్ళు పట్టే పనికి ఆదాయం ఆగని మనిషే నిలబడగలడు. కాబట్టి ఆలస్యమైన ఫెలోషిప్ కూడా ఒక వడపోతే. అది ప్రతిభను వడపోయదు, పేదల్ని వడపోస్తుంది.

తెలివి సంగతి కూడా తేల్చుకుందాం. పచ్చితోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుక ఊడ్చి, తంగేడు చెక్క రసంలో ఊరబెట్టి కుళ్ళని తోలుగా మార్చింది మన మాదిగ తాతలు. తోలు వేరు, కణం పొర వేరు, కలగాపులగం చెయ్యం. కానీ తోలులో ఉండేదీ మాంసకృత్తే. తంగేడు చెక్కలోని వగరు పదార్థం దాన్ని పట్టి బిగిస్తుంది. ఎంత సున్నం, ఎన్ని రోజులు, ఎప్పుడు తీయాలి అన్నది చూసి, ముట్టుకుని, వాసన పట్టి నేర్చుకున్న విద్య అది. ప్రయోగశాలలో చేసేదీ అదే రకం పని. చేసి చూడటం, తప్పితే మళ్ళీ చేయడం, గుర్తు పెట్టుకోవడం. లంద దగ్గర చేస్తే అది నీచం, చలిగదిలో చేస్తే అది జ్ఞానం అన్నది ఎవరు? లంద దగ్గర చేసినవాణ్ణి చదువుకు దూరం పెట్టి, చలిగదిలో ముందు నుంచీ తిష్ఠ వేసినవాళ్ళే.

మేం అడుగుతున్నవి

సైన్సు మీద మాకు కోపం లేదు. బిడ్డ విరేచనాలకు ఉప్పు చక్కెర నీళ్ళు, పాము కాటుకు ఇంజక్షన్ ఇచ్చింది సైన్సే. మాకు కావలసింది దాని నుంచి దూరం కాదు, దాంట్లో వాటా. కాబట్టి ఇవి అడుగుతున్నాం.

ఒకటి: ప్రజల డబ్బుతో నడిచే ప్రతి పరిశోధనా సంస్థ ఏ మెట్టులో ఏ కులంవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఏటా బయటపెట్టాలి. డైరెక్టరు నుంచి కాంట్రాక్టు మీద గాజు కడిగే మనిషి దాకా ఒకే పట్టికలో రాయాలి. పైవాళ్ళ లెక్క ఒకచోట, కిందివాళ్ళ లెక్క కాంట్రాక్టరు జేబులో ఉంటే కుదరదు.

రెండు: 1975 నాటి మినహాయింపు, 2019 చట్టంలోని నాలుగో సెక్షన్ ఎత్తేయాలి.

మూడు: ఫెలోషిప్ నెలనెలా పడాలి. జీతం ఆగితే ఉద్యోగి ఎట్లా అడుగుతాడో పరిశోధక విద్యార్థికీ అట్లా అడిగే హక్కుండాలి. గైడ్ వేధిస్తే వేరే గైడ్ దగ్గరికి మారే దారి ఉండాలి.

నాలుగు: కడిగేవాళ్ళు, జంతుశాల పనివాళ్ళు, రసాయనాల చెత్త ఎత్తేవాళ్ళు శాశ్వత పని చేస్తున్నారు కాబట్టి శాశ్వత ఉద్యోగులు కావాలి. చేతి తొడుగులు, ముసుగులు, శిక్షణ, వైద్యం ఇవ్వాలి. టెక్నీషియన్‌గా ఎదిగే మెట్టు వాళ్ళకూ వాళ్ళ పిల్లలకూ ఉండాలి.

ఐదు: పరిశోధనా పత్రం చివర కృతజ్ఞతలు రాసే చోటుంది. యంత్రం ఇచ్చిన కంపెనీకి, డబ్బులిచ్చిన ప్రభుత్వానికి అక్కడ చోటుంటుంది. నమూనా తీసి ఇచ్చిన మనిషికీ, సామాను సిద్ధం చేసిన మనిషికీ ఆ చోట పేరు రాయండి. ఒక్క వాక్యం. దానికి రూపాయి ఖర్చు కాదు.

కార్యకర్తలకు ఒక పని

అన్నలారా, అక్కలారా, పైవన్నీ ప్రభుత్వాన్ని అడిగేవి. మన చేతిలో ఉన్న పని కూడా ఒకటుంది. సీఎస్‌ఐఆర్ కింద ఉన్న సంస్థలకు సెప్టెంబర్ 26 వ్యవస్థాపక దినం. ఆ రోజుల్లో ప్రయోగశాల తలుపులు తెరిచి జనానికి చూపించే ఆనవాయితీ చాలా సంస్థల్లో ఉంది. కార్పొరేట్ బడుల బస్సులు పోతాయి. మన వాడల పిల్లలు ఎందుకు పోకూడదు? తొమ్మిది, పది చదివే పిల్లల్ని, గురుకులాల పిల్లల్ని జమచేసి తీసుకుపోండి. ముందే ఉత్తరం రాసి అనుమతి అడగండి. అక్కడికి పోయాక పిల్లల్ని మౌనంగా నడిపించొద్దు, ప్రశ్నలు అడిగించండి. ఈ యంత్రం ఏం చేస్తుంది, ఇక్కడికి రావాలంటే ఏం చదవాలి, ఏ పరీక్ష రాయాలి, ఫెలోషిప్ ఎట్లా వస్తుంది అని అడగమనండి. అక్కడ గచ్చు తుడిచే అక్క కనిపిస్తే ఆమెకూ దండం పెట్టి ‘నీ పనేంది అక్కా, ఎన్నేళ్ళయింది?’ అని అడగమనండి. ఆ పిల్లలకు రెండు జవాబులూ తెలియాలి.

1927 మార్చిలో మహద్ చెరువు దగ్గర బాబాసాహెబ్ వేలమందితో పోయి నీళ్ళు ముట్టుకున్నాడు. ఆ నీళ్ళు తాగకపోతే బతకలేమని కాదు, మేమూ మనుషులమేనని చెప్పడానికి. ఆ నీళ్ళు ఎవరు తాగినా వాళ్ళ ఒంట్లో కణం పొర దాటింది ఒకే తూములోంచి. బ్రాహ్మడికి ఒక తూము, మాలమాదిగలకు ఇంకో తూము ఏ ప్రయోగశాలా చూపించలేదు, చూపించలేదు గాక చూపించలేదు. ఈ సత్యాన్ని కనిపెట్టిన గదుల్లోనే మనకు చోటు లేకపోవడం ఆ సైన్సుకే సిగ్గుచేటు. చెరువు నీళ్ళు అడిగి తెచ్చుకున్నాం. బడి అడిగి తెచ్చుకున్నాం. ప్రయోగశాల కూడా అడుగుదాం, ఊడ్చే చీపురుతో పోవడానికి కాదు, పేరు రాసుకుని పోవడానికి.

జై భీమ్.